సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొన్నాను, కూలెంట్ డబ్బాలో చాయ్ రంగు నీళ్ళు. ఉంచుకోవాలా, అమ్మెయ్యాలా?

కదిరి_కుర్రాడు, మారతహళ్లి

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పొడుగే, ఓపికుంటేనే చదవండి. ఇంట్లో ఈ విషయం సగమే చెప్పాను, మిగతా సగం ఇక్కడ కక్కుతున్నా.

మూడు వారాల కిందట 2014 అక్టోబర్ మోడల్ డీజిల్ స్విఫ్ట్ కొన్నాను. మీటర్ మీద 64,000, ఒకే ఓనర్, 3 లక్షల 40 వేలకి బేరం తెగింది. మధ్యలో డీలర్ ఎవరూ లేరు, నేరుగా ఓనర్ దగ్గరే. వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైరైన పెద్దాయన. చూడ్డానికి వెళ్తే బేస్‌మెంట్‌లో కవర్ తీసి, జేబులోంచి పసుపు గుడ్డ తీసి, సైడ్ అద్దం మీద లేని దుమ్ము తుడిచి మరీ చూపించారు. వాచ్‌మన్‌కి నెలకి 600 ఇచ్చి రోజూ తుడిపిస్తారట. వెనక సీటుకి షోరూమ్ ప్లాస్టిక్ కవర్ ఇంకా అలాగే ఉంది. బోనెట్ ఎత్తితే ఇంజిన్ పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. 'ఏనూ ప్రాబ్లమ్ ఇల్ల, బరీ దేవస్థానక్కె' అన్నారు, అంటే గుడికి తప్ప బయటికి తీయలేదని. నాతో వచ్చిన ఫ్రెండుదీ సాఫ్ట్‌వేరే. ఇద్దరం కలిసి నాలుగు టైర్లనీ కాలితో తన్ని చూశాం. ఎందుకు తన్నామో ఇప్పటికీ మాకు తెలీదు.

మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళాలని తెలుసు. కానీ ఆయన్నీ ఆ పసుపు గుడ్డనీ చూశాక, మెకానిక్‌ని తెస్తే పెద్దమనిషిని అవమానించినట్టు ఉంటుందేమో అనిపించింది. తప్పు నాదే. తిట్టాలనుకునేవాళ్ళు ఒక్కసారే తిట్టేసి తర్వాత సాయం చేయండి.

మొదటిసారి ఊరికి వెళ్ళినప్పుడే ఏదో తేడా కొట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం, దేవనహళ్లి దాటాక మంచు, అద్దానికి లోపల ఆవిరి పట్టింది. హీటర్ వేశా. పావుగంటైనా వేడి గాలి రాదు, ఎవరో నోటితో ఊదినట్టు వస్తోంది. మా ఆవిడ బాగేపల్లి టోల్ దాకా చున్నీతో అద్దం తుడుస్తూనే కూర్చుంది. మైలేజీ 14 కూడా రాలేదు, హైవే మీద 20 దాకా వస్తుందని అందరూ చెప్పిన బండి ఇది. ఇంకోటి, తాళం తిప్పగానే ముందున్న రేడియేటర్ ఫ్యాన్ గుర్రుమని మొదలవుతుంది, రాత్రంతా నిలబెట్టిన చల్లటి ఇంజిన్ అయినా సరే. ఏసీ మంచి పవర్‌లో ఉంది కాబోలు అని సంతోషపడ్డాను. నా తెలివి అదీ.

పోయిన ఆదివారం బండి కడుగుతూ, ఇంజిన్ చల్లగానే ఉంది కదా అని కూలెంట్ డబ్బా మూత తీశా. పచ్చగానో నీలంగానో ఉండాలి కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మరిగిన చాయ్ రంగులో ఉంది. వేలు ముంచి తీస్తే ఇటుక పొడిలాంటిది అంటింది. ఇక ఆగలేకపోయాను. ఆయిల్ పోసే మూత విప్పితే అడుగున కాటుక ముద్ద, పాత స్పూన్‌తో గీకితే పొరలుగా ఊడి వచ్చింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఎలుక గూడు: టిష్యూ ముక్కలు, ఎండాకులు, వేరుశెనగ తొక్కలు. పాత అనంతపురం జిల్లావాడిని, తొక్క చూస్తే ఏ ఏడాది పంటో చెప్పేస్తాను, ఇవి మాత్రం బాగా పాతవి.

చివరగా డ్రైవర్ డోర్ తీస్తే కనబడే చోట వినాయకుడి స్టిక్కర్ ఒకటి ఉంది. అంచు లేచి ఉంటే గోరుతో పీకాను. దాని కింద ఆయిల్ మార్చినప్పుడు అంటించే స్టిక్కర్. పెన్నుతో 2021 జూన్ అని తేదీ, 'నెక్స్ట్ సర్వీస్ 49,000' అని రాత. ఇప్పుడు బండి 64,000 మీద ఉంది! నంబర్ చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆ బండి అక్కడికి చివరగా వచ్చింది 2018లో అన్నారు.

ఇప్పుడు నాకు తెలియాల్సింది ఏంటంటే, ఇలాగే నడిపితే ఇంజిన్ పోతుందా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఎంత దాకా ఖర్చు పెట్టడం తెలివైన పని, లేదంటే నష్టానికైనా అమ్మెయ్యాలా. ఆ పెద్దాయన్ని నిలదీయొచ్చా లేదా అన్నది కూడా. ఆర్‌సీ ఇంకా నా పేరు మీదకి మారలేదు.

జేసీ_రోడ్డు_జీవి

తమ్ముడూ, ముందు ఆ బండి పక్కన పెట్టు, ఈ వారం ఆఫీసుకి బస్సులో పో.

హీటర్, మైలేజీ, ఫ్యాన్ అని నువ్వు మూడు రాశావు గానీ మూడూ ఒకటే కథ. విప్పకుండా చెప్తున్నా, విప్పాక తేడా వస్తే తిట్టు. ఆయన ఏళ్ళ తరబడి కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోశాడు. బెంగళూరు బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, గీజర్ కాయిల్ విప్పితే తెల్లటి పెంకు కనబడుతుంది కదా, అదే పెంకు రేడియేటర్‌లోని సన్న గొట్టాలకి పట్టింది, దానికి తోడు ఇంజిన్ లోపలి ఇనుముకి తుప్పు. నీ వేలికి అంటింది ఆ తుప్పే. సగం గొట్టాలు మూసుకుపోయాక ఏదో ఒక మధ్యాహ్నం సిల్క్ బోర్డ్ దగ్గరో టిన్ ఫ్యాక్టరీ దగ్గరో ట్రాఫిక్‌లో బండి కాగిపోయి ఉంటుంది. మెకానిక్ రేడియేటర్ మార్చాలన్నాడు, ఐదారు వేలు అనగానే ఓనర్ వద్దన్నాడు. అప్పుడు వాడు థర్మోస్టాట్ వాల్వ్ పీకి అవతల పారేసి, ఫ్యాన్‌ని తాళానికి డైరెక్ట్ చేశాడు. ఐదు వందల్లో పని అయిపోయింది, బండి మళ్ళీ కాగలేదు, అందరూ ఖుషీ.

థర్మోస్టాట్ ఒక తలుపు లాంటిది. ఇంజిన్ 80, 90 డిగ్రీల దగ్గరికి వచ్చేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వదు. ఆ తలుపే లేకపోతే నీళ్ళు స్టార్ట్ చేసిన క్షణం నుంచీ తిరుగుతూనే ఉంటాయి, హైవే మీద గాలి తగిలి ఇంకా చల్లబడతాయి. హీటర్‌కి వేడి ఇచ్చేది ఆ నీళ్ళే కదా, మీ ఆవిడ చున్నీ పని అందుకే. ఇంజిన్ కంప్యూటర్ బండి ఇంకా వేడెక్కలేదనుకుని ఆ లెక్కనే డీజిల్ పోస్తుంది. మైలేజీ అక్కడ పోయింది. ఎప్పుడూ చల్లగా నడిచే ఇంజిన్ లోపల అరుగుదల కూడా ఎక్కువ, అది మాత్రం మీటర్ మీద కనబడదు.

నమ్మకం లేకపోతే ఫోన్‌కి కలిసే చిన్న ఓబీడీ స్కానర్ కొనుక్కో, వెయ్యి లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి కూలెంట్ వేడి చూడు. అరగంట తోలాక కూడా అరవై దగ్గరే ఆడుతుంటే నేను చెప్పింది నిజం.

రేడియేటర్‌ని కెమికల్ పోసి కడిగిస్తామంటారు, ఒప్పుకోకు. అంత తుప్పు ఉన్నదాంట్లో ఇన్నాళ్ళూ చిల్లుల్ని మూసి ఉంచింది ఆ తుప్పే, కడగ్గానే కారడం మొదలవుతుంది. కొత్త రేడియేటర్ వేయించు, ఇంజిన్ లోపల మాత్రం మామూలు నీళ్ళతో తేటగా వచ్చేదాకా కడిగించి, తర్వాత కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించు, కుళాయి వైపు చూడనే వద్దు. ఆయిల్‌కీ అదే మాట. ఇంజిన్ ఫ్లష్ అని ఒక డబ్బా అమ్ముతారు, ఆ కాటుకంతా ఒక్కసారి ఊడి ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడితే ఇంజిన్ అక్కడే అయిపోతుంది. మంచి ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి ఒక వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తోలి మళ్ళీ మార్చు. నీ బండికి మూడు లీటర్ల పైచిలుకే పడుతుంది, పెద్ద ఖర్చేం కాదు. ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసినప్పుడు ఆయిల్ నల్లగా ఉంటే కంగారు పడకు, డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా వారంలో నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నట్టే, అప్పుడు లెక్క వేరే, ఏదీ చేయించకుండా ముందు ఇక్కడ రాయి.

పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లు గొలుసు ఆడిన చప్పుడు వస్తోందేమో విను. ఇంజిన్ వాల్వులని వేళకి తెరిపించడానికి ఈ ఇంజిన్‌లో బెల్ట్ ఉండదు, టైమింగ్ చెయిన్ అనే గొలుసు ఉంటుంది. దాన్ని బిగించి పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ఆయిల్ నిర్లక్ష్యం చేస్తే మొదట ఏడ్చేది అదే.

ఆ మెకానిక్‌ని నేను పూర్తిగా తప్పు పట్టను. మా నాన్న స్పేర్ పార్ట్స్ కొట్టులో నేను పదేళ్ళు కూర్చున్నా. స్టీరింగ్ కవర్‌కి రెండు వేలు నవ్వుతూ ఇచ్చే మనిషి కూలెంట్‌కి వెయ్యి అంటే మనమేదో దోచుకుంటున్నట్టు చూస్తాడు.

సిల్క్‌బోర్డ్_బందీ

బ్రో ఇంత ఆలోచన ఎందుకు, మూడు వేలు పెట్టి పాలిష్ కొట్టించు, వినాయకుడి స్టిక్కర్ మళ్ళీ అంటించు, యాప్‌లో పెట్టు. నువ్వు కొన్నట్టే ఇంకొకడు కొంటాడు 😀

పలమనేరు_అమ్మాయి

పైన బ్రో సరదాకే అన్నారనుకుంటాను, కానీ అలా చేతులు మారిన బండినే మేం కొన్నాం. అందుకే రాస్తున్నాను.

కదిరి గారూ, మీరు బ్రేకుల గురించి ఒక్క మాట కూడా రాయలేదు. నాకు ఇంజిన్ కంటే అదే భయంగా ఉంది. రెండేళ్ళ కిందట మేమూ ఇలాగే తళతళలాడే బండి కొని, మొదటి మొక్కు తీర్చుకుందామని తిరుమల వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఏమీ తెలీలేదు. దర్శనం అయ్యాక మధ్యాహ్నం పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నాం, బండిలో నలుగురం, డిక్కీ నిండా లగేజీ, ముందు బస్సు, మా ఆయన మూడో గేరులో పెట్టి మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. సగం దిగాక ఒక మలుపులో పెడల్ మెత్తబడింది. తొక్కితే నానిన దూదిలా నేల దాకా వెళ్ళిపోతోంది. మా అత్తగారు వెనక నుంచి 'గోవిందా గోవిందా' అంటున్నారు, ఆవిడ భక్తితో అంటున్నారు, ముందు సీట్లో మేమిద్దరం వేరే కారణంతో అన్నాం. గబగబా నాలుగైదుసార్లు పంపు చేస్తూ రెండుకీ ఒకటికీ గేరు దించి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగి, గోడ పక్కన ఆపారు. చక్రం దగ్గర మాడిన వాసన.

ఇరవై నిమిషాలు ఆగాక పెడల్ మళ్ళీ మామూలుగా గట్టిపడింది! తిరుపతిలో మెకానిక్‌కి చూపిస్తే తొక్కి చూసి బాగానే ఉంది కదమ్మా అన్నాడు. బెంగళూరు వచ్చాక ఒకతను బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి చూపించాడు, కషాయంలా ఉంది. అప్పుడు తెలిసింది, ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమని తనంతట తానే పీల్చుకుంటుందట. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడికి లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది. ఫ్లూయిడ్ నొక్కుడు పడదు గానీ బుడగ నొక్కుడు పడుతుంది, అందుకే పెడల్ కిందికి పోతుంది. చల్లారాక బుడగ మాయం, సాక్ష్యమూ మాయం. ఊళ్ళో తిరిగినంత కాలం ఎప్పటికీ బయటపడదు.

రెండేళ్ళకోసారి మార్చాలి దాన్ని, మొత్తం కలిపి వెయ్యి రూపాయల పని. మీ బండిలో ఉన్నది 2014లో కంపెనీ పోసినదే అయినా నేను ఆశ్చర్యపోను. అది మార్చేదాకా కదిరి ఏమో గానీ నంది హిల్స్ కూడా వెళ్ళకండి. మార్పించేటప్పుడు నాలుగు చక్రాలూ విప్పించి, ముందు క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిన్నులు కదులుతున్నాయో లేదో, వెనక డ్రమ్ముల్లో షూలు ఎంత మిగిలాయో దగ్గరుండి చూడండి. 'చూశాం మేడమ్' అంటే నమ్మకండి.

సిల్క్‌బోర్డ్_బందీ

సారీ అక్కా. జోకే, కానీ ఇప్పుడు చదివితే జోకులా లేదు.

ఫారం_ముప్పై

నిలదీయొచ్చా అన్నదానికి నాకు తెలిసింది చెప్తా. నేను వకీలును కాదు, ఆర్‌టీఓ ఆఫీసుల చుట్టూ తిరిగి అరిగిపోయినవాణ్ణి.

డీలర్ దగ్గర కొని ఉంటే దారి వేరు. అమ్మడమే అతని వ్యాపారం కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు, ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. మీరు కొన్నది ఒక మామూలు మనిషి దగ్గర, తన సొంత కారు. దానికి ఆ చట్టం పనికిరాదు. సివిల్ కోర్టే, అక్కడ కూడా ఆయన తెలిసీ అబద్ధం చెప్పాడని మీరు రుజువు చేయాలి. గుడికే వెళ్ళేవాడిననడం అబద్ధం కాదు కదా. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం కూడా చూసుకుని కొనే బాధ్యత చాలావరకు కొనేవాడిదే. నా మాట వింటే మర్యాదగా ఫోన్ చేసి మాట్లాడండి, ఇస్తే తీసుకోండి, లేదంటే వదిలేయండి.

దానికంటే ముందు ఆర్‌సీ సంగతి చూడండి, అది ఇంకా మారలేదంటే నాకు అదే పెద్ద టెన్షన్. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో తెలియజేయాలి, మీరు 30 రోజుల్లో. ఓనర్ పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయా? మీకు మూడు వారాలు దాటిపోయాయి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్చమని అడగాలి, లేకపోతే రేపు మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా మీరే కట్టాలి. యాక్సిడెంట్ జరిగితే రికార్డులో ఎవరి పేరుంటే ఆయనే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, కాబట్టి ఆయనకీ ఇది తొందరే. ఆ పెద్దాయనతో ముందే గొడవ పెట్టుకుంటే సంతకానికి ఎవరు వస్తారు చెప్పండి?

వేళచ్చేరి_వాన

చెన్నై నుంచి ఒక చిన్న మాట. నీళ్ళు, తుప్పు అనగానే మా వాళ్ళకి వేరే అనుమానం వస్తుంది. 2015 డిసెంబర్ వరదల తర్వాత, మళ్ళీ 2023 డిసెంబర్ మిగ్‌జామ్ తుఫాను తర్వాత, మునిగిన బండ్లు బాగా తుడుచుకుని పక్క రాష్ట్రాలకి వెళ్ళాయి. మీది బెంగళూరు బండే కావచ్చు, 2022 సెప్టెంబర్‌లో మీ ఔటర్ రింగ్ రోడ్డు వైపు బేస్‌మెంట్లు కూడా చెరువులయ్యాయి కదా. ఐదు నిమిషాల పని, సీటు బెల్టుని చివరిదాకా లాగండి. అంతా తుడుస్తారు గానీ చుట్ట లోపలి బెల్టుని ఎవరూ తుడవరు, మునిగిన బండైతే అక్కడ మట్టి గీత కనబడుతుంది. డిక్కీలో స్టెప్నీ ఎత్తి దాని కింద గుంతలో తుప్పు ఉందేమో, ముందు సీట్ల కింద పట్టాలు, బోల్టులు ఎలా ఉన్నాయో చూడండి. అవి శుభ్రంగా ఉంటే ఈ బండికి ఉన్న జబ్బు పైన అన్న చెప్పిందే, అది నయమయ్యే జబ్బు.

కదిరి_కుర్రాడు, మారతహళ్లి

అందరికీ థ్యాంక్స్. ఇప్పుడే బేస్‌మెంట్‌కి వెళ్ళి నాలుగు బెల్టులూ లాగి చూశాను, మట్టి గీత లేదు. వెనక బెల్టులు అయితే మడతలు కూడా పోలేదు, ఎవరూ పెట్టుకున్నట్టు లేరు. డిప్‌స్టిక్ నల్లగా ఉంది, కాఫీ రంగు లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ చూశాను అక్కా, మీరన్న కషాయమే. ఫారాల మీద సంతకాలు అయ్యాయి, రేపే వేస్తాను.

అమ్మడం గురించి, పోస్టు రాసినప్పుడు నిజంగానే ఆ ఆలోచన ఉండింది. ఘాట్ రోడ్డు కథ చదివాక మాత్రం చెప్పకుండా ఇంకొకరికి అంటగట్టలేను. చెప్పి అమ్మితే రెండు లక్షలు కూడా రాదు. కాబట్టి బాగు చేయిస్తున్నా.

కదిరి_కుర్రాడు, మారతహళ్లి (నెలన్నర తర్వాత)

అప్‌డేట్ అడిగినవాళ్ళకి.

ఓబీడీ స్కానర్ 900కి కొన్నా. ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై నిమిషాలు తోలినా కూలెంట్ 61 డిగ్రీలు దాటలేదు. జేసీ అన్నా, నీకు దండం. కగ్గదాసపుర వైపు ఒక చిత్తూరు మెకానిక్ దొరికాడు, తెలుగు, కన్నడ, తమిళం కలిపి ఒకే వాక్యంలో మాట్లాడతాడు. దగ్గరుండి విప్పించాను. థర్మోస్టాట్ ఉండే గిన్నె విప్పితే లోపల ఏమీ లేదు, రబ్బరు రింగు ఒక్కటే ఉంది. మెకానిక్ దాన్ని నా చేతిలో పెట్టి, 'ఇదే సార్ మీ థర్మోస్టాట్' అన్నాడు. పాత రేడియేటర్ పైపు తీసి బకెట్‌లో వంచితే మొదట చాయ్, తర్వాత ముద్ద. ఆయిల్ కిందికి వదిలే బోల్టు మర అరిగిపోయి ఉంది, కారకుండా దానికి కుళాయి పైపులకి చుట్టే తెల్ల టేపు చుట్టి బిగించారు! అలా బిగించినవాడు మళ్ళీ ఆ బోల్టు ఎప్పటికీ ఎవరూ విప్పరనే ధైర్యంతో బిగించి ఉంటాడు, మూడేళ్ళ పాటు వాడి లెక్క తప్పలేదు.

ఖర్చు చెప్తా. రేడియేటర్ 5,200, థర్మోస్టాట్ 1,400, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ 1,600. రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్, కొత్త బోల్టు కలిపి 5,000. డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ 2,300. బ్రేక్ ఫ్లూయిడ్, ముందు ప్యాడ్లు, వెనక షూలు 6,400. టైర్లు నాలుగూ 21,000, ఎందుకంటే గాడి బాగానే ఉంది గానీ పక్కన గోడలో గీతలు వచ్చేశాయి. లేబర్ 6,500. మొత్తం 49,400. ఇంట్లో ముప్పై అని చెప్పాను, మా ఆవిడకి తెలుగు చదవడం వచ్చు కాబట్టి ఈ పోస్టు చూస్తే నా పని అంతే. గొలుసు చప్పుడు మొదటి ఆయిల్ మార్పు తర్వాత తగ్గింది, రెండోదానికి ఇంకా తగ్గింది, పూర్తిగా పోలేదు. దాన్ని వింటూ ఉండమన్నాడు మెకానిక్.

ఇప్పుడు స్కానర్‌లో 88 దగ్గర నిలబడుతోంది. పోయిన వారం కదిరి వెళ్తే 19 ఇచ్చింది. హీటర్ వేస్తే మా ఆవిడ ఆపెయ్యమంది.

పెద్దాయనకి ఫోన్ చేశా. ఆర్‌సీ పని అయ్యాకే చేశాను, ఫారం_ముప్పై గారి మాట ప్రకారం. కోపంగానే మొదలుపెట్టాను. ఆయన నిజంగా నొచ్చుకున్నారు. 'పదేళ్ళలో ఒక్క ఆదివారం కూడా మానలేదు బాబూ, నా చేత్తో నేనే చెంబుడు నీళ్ళు పోసేవాణ్ణి' అన్నారు. ఆయన డ్రైవింగ్ నేర్చుకున్నది అంబాసిడర్ మీదట, దానికి రోజూ నీళ్ళు చూసుకోవడమే అసలు సర్వీసు అని వాళ్ళ నాన్న నేర్పారట. నాకు ఏం అనాలో తోచలేదు. డబ్బు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత రెండో తాళం దొరికిందని పిలిచి, దాంతో పాటు ఓనర్స్ మాన్యువల్ కూడా ఇచ్చారు. పాలిథిన్ కవర్ సీల్ ఇంకా విప్పలేదు. నేనే చింపాను.

ఒక్క డౌట్ మిగిలింది. స్టెప్నీ ఒక్కసారి కూడా వాడలేదు, దాని మీద సన్న రబ్బరు వెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి. పక్కన నంబర్ 3814 అని ఉంది, అంటే 2014లో 38వ వారం. చూడ్డానికి కొత్త టైరే. దాన్ని కూడా మార్చాలా?

జేసీ_రోడ్డు_జీవి

మార్చు. వాడకపోయినా రబ్బరుకి వయసు ఆగదు. జాకీ ఉందా అసలు?

కదిరి_కుర్రాడు, మారతహళ్లి

జాకీ ఉంది అన్నా. తిప్పే రాడ్ లేదు.